దయయును మొగమోటమును

ఒకని కష్టమును జూచి మనస్సు కరగుట దయ. ఒకని యెదుట నప్రియమైన మాట పలుకజాలక నోరు మూసికొనుట మొగమోటము. బయటినుండి చూచువారికి రెండును నొక్కటిగానే తోచును. రెండింటను మాట మెత్తగా నుండును, ముఖము ప్రసన్నముగా నుండును. కాని మొదటిది యెదుటివాని మేలును కోరును. రెండవది తన నెమ్మదిని మాత్రమే కోరును. ఈ భేదము లోకవ్యవహారమునం దనేక స్థలముల విచారింపదగినదే. అయినను, బోధనవృత్తిని నేర్చుకొనవచ్చిన యువకునకు బోధించుట చేతగానప్పుడు, అతనికి మార్గదర్శకుడుగా నియమింపబడిన పెద్ద యుపాధ్యాయు డెట్లు వర్తింపవలెనను ప్రశ్నయం దిది తేటపడునంతగా మరియెచ్చటను దేటపడదని నా యభిప్రాయము. నేను న్యాయవాదిని గాని యుపాధ్యాయుడను గాను. కొన్ని సంవత్సరములుగా నొక యున్నత పాఠశాల పాలకసంఘమున సభ్యుడనై యుండుటచేత, ఏటేట శిక్షణకై వచ్చు యువతీయువకులను, వారివెనుక గూర్చుండి నిట్టూర్పులు విడుచు నుపాధ్యాయులను దగ్గరనుండి చూచుచున్నాను. ఆ చనవుచేత నీ విషయమును జేపట్టితిని.

ఉపాధ్యాయవిద్యా జాతీయ మండలివారు 2014 వ సంవత్సరమున జేసిన నిబంధనలచేత, అంతకు ముం దొక్క యేటితో ముగియుచుండిన బి.ఇడి. చదువు రెండేండ్లకు బెరిగెను. అందు 20 వారములు, మొదటి యేట 4, రెండవ యేట 16, విద్యార్థి పాఠశాలలోనే గడపవలెనని యేర్పరచిరి. న్యాయమూర్తి వర్మగారి సంఘము 2012 లో సమర్పించిన నివేదిక యీ మార్పునకు దారితీసినది. ఏర్పాటు మంచిదే; ఈత నేర్చుకొనువాడు చెరువులో దిగక తీరదు గదా. కాని చెరువుగట్టున నిలిచి కాచుకొనియుండవలసిన మనుష్యుని సంగతి యెవ్వరును దలపోసినట్లు కనబడదు. నే నెరిగిన పాఠశాలలలో మార్గదర్శకునకు బాఠముల సంఖ్య తగ్గింపబడలేదు, ప్రత్యేకమైన ప్రతిఫల మీయబడలేదు. కళాశాలనుండి వచ్చిన పట్టికలో ఛాత్రోపాధ్యాయుని పేరు కెదురుగా నీ పేరున్నది. అంతటితో నీవు గురువునకు గురువ వైతివి.

మా పాఠశాలకు వచ్చిన యొక యువకుని సంగతి చెప్పెదను. అతడు గణితమున ఎం.ఎస్సి. పట్టము నొందినవాడు, వినయశీలుడు, సోమరి యెంతమాత్రమును గాడు. రాత్రి చాల ప్రొద్దుపోవువరకు గూర్చుండి పాఠ్యపథకమును ముత్యములవంటి యక్షరములతో వ్రాసికొని వచ్చువాడు. ఆరవ తరగతిలో భిన్నముల కూడిక చెప్పుచు, అరకు మూడవవంతు గలిపిన నెంతయని యడిగెను. ముందుబల్లమీది బాలిక యొకతె లేచి 'అయిదింట రెండు' అని చెప్పెను. 'తప్పు, కూర్చో' యని, వెనుకనున్న వేరొకని నడిగి, వాడు 'ఆరింట అయిదు' అనగానే 'బాగు' అని నల్లబల్లవైపు తిరిగి క.సా.గు. తీయ నారంభించెను. గంట ముగియబోవుచుండగా 'అర్థమైందా?' యని యడిగెను. 'అయిందండీ' యని నలువదిమంది యేకకంఠముగా బలికిరి. అతడు సంతృప్తుడై వెలుపలికి వచ్చెను.

అతనికి మార్గదర్శకురాలు ఇరువదియేండ్లకు బైగా గణితము చెప్పుచున్న యుపాధ్యాయిని. వసారాలో ఆమె యతని నాపి, 'ఆ పిల్ల చెప్పినది యెందుకు తప్పు, నాయనా?' యని యడిగెను. 'క.సా.గు. తీయలేదు గదా, మేడం' అని యత డుత్తరమిచ్చెను. 'సరే, క.సా.గు. అటుండనిమ్ము. నీచేత సగము రొట్టె యున్నది. దానికి మరికొంత చేర్చితిని. ఇప్పు డున్నది సగముకంటె నెక్కువా, తక్కువా? అయిదింట రెండు సగముకంటె దక్కువ కదా! ఆ పిల్ల కలిపినకొలది రొట్టె తరిగిపోయినది. ఆ మాట ఆమెచేతనే చెప్పింపవలసినది గాదా?' అతడు కొంతసేపు మాటాడలేదు. పదియేడేండ్లు గణితము చదివినవాడయ్యును ఆ తప్పు నా వైపునుండి యెన్నడును జూచియుండలేదు. 'అట్లేనండీ, మేడం' అని చేతిపుస్తకములో వ్రాసికొనెను. మరునాడు దశాంశముల పాఠము. మరియొక బాలుడు మరియొక తప్పు చెప్పెను. 'తప్పు, కూర్చో' యని యతడు వెనుకవాని నడిగెను.

ఇట్లు నాలుగువారములు గడచెను. 'చెప్పినదెల్ల వ్రాసికొనును. వ్రాసికొన్నదానిలో నొక్కటియు జేయడు. ఎదురు చెప్పినను బాగుండును. అట్లేనండీ యనువానితో నేను వేగలేను' అని యామె నాతో మొరపెట్టుకొనెను. విసుగునకు గారణములు లేకపోలేదు. జూన్ నెలనుండి తాను గట్టుకొనివచ్చిన తరగతి తన కన్నులయెదుటనే సడలిపోవుచున్నది. అతడు చెప్పిన పాఠమును అతడు నొచ్చుకొనకుండునట్లు తాను మరల జెప్పుకొనవలెను. పరీక్షల తేదీ యెవ్వరికొరకును నాగదు. న్యాయస్థానములో జూనియరు తడబడినప్పుడు సీనియరు లేచి, అనుమతి వేడి, వాదమును దాను గైకొనవచ్చును. కక్షిదారునకు నష్టము లేదు. తరగతిలో నట్లు గాదు. ఆమె వెనుకబల్లనుండి లేచి యొక్క మాట యన్నచో, ఆ క్షణమునుండి పిల్లలు అతని మాట వినరు. లేవకుండెనా, ఆ గంట వారికి నష్టమగును. ప్రతిదినమును ఈ రెండింటిలో నొకదాని నేరుకొనుచు గూర్చుండుట సామాన్యమైన తపస్సు గాదు.

అయినను విసుగును న్యాయమైనదని యొప్పుకొనకముందు దాని మూలమును బరీక్షింపవలెను. బాగుగా వంటచేయు నత్తగారిని గ్రొత్తకోడలు 'ఉప్పెంత వేయవలె నత్తయ్యా?' యని యడిగినచో, 'తగినంత' అని యామె చెప్పును. అది యసత్యము గాదు; గర్వమును గాదు. ఆమె చేతికి దెలిసినది ఆమె నోటికి దెలియదు, అంతే. పాతికయేండ్లు పాఠము చెప్పిన మనుష్యునికిని అదే గతి. పిల్లవాని ముఖము చూడగానే వాని తప్పెక్కడ పుట్టినదో తనకు దెలిసిపోవును. ఎట్లు తెలిసినదో తాను చెప్పలేడు. అందుచేత 'తరగతిని బట్టుకొని చెప్పుము', 'పిల్లల స్థాయికి దిగి చెప్పుము' అని పలుకును. ఇవి యన్నియు 'తగినంత' యను మాటకు బర్యాయములు. విన్నవాడు వ్రాసికొనక మరి యేమి చేయగలడు?

మరియొక సంగతి కలదు. అమెరికా దేశపు సమాజశాస్త్రజ్ఞుడు డాన్ లార్టీ 1975 లో బ్రకటించిన గ్రంథమున, అచ్చటి విద్యార్థి యున్నత పాఠశాల ముగించునప్పటికి సుమారు 13,000 గంటలు ఉపాధ్యాయుల యెదుట గడపియుండునని లెక్క వేసి, దాని నొక విధమైన శిష్యరికముగా నెంచెను. అనగా బోధన నేర్చుకొనవచ్చినవాడు తెల్లకాగితముగా రాడు. 'తప్పు, కూర్చో' యన్నది మన యువకుని సొంతమాట గాదు. అతని గురువులు అతనితో బలికిన మాట. బహుశః వేలసారులు పలికిన మాట. చిన్ననాటి నుండి చెవిలో నాటుకొన్నదానిని నాలుగువారముల హితబోధ పెరికివేయలేదని కోపించుట న్యాయమా? అదియు గాక, పరీక్షించువా రొకరు వెనుక గూర్చుండియుండగా పాఠము చెప్పువానికి మొట్టమొదటి భయము తరగతిలో నల్లరి పుట్టునేమో యని. జాన్ డ్యూయీ 1904 లోనే యీ ప్రమాదమును గుర్తించి వ్రాసెను. పిల్లలు పైకి జూపు శ్రద్ధ వేరు, వారి మనస్సు లోపల బనిచేయుట వేరు. అనుభవము లేనివానిని ముందుగా గ్రమశిక్షణ నిలుపు పనిలోనికి ద్రోసినచో, వాడు పైశ్రద్ధను మాత్రమే చూచుటకు అలవాటుపడి, లోపలి పనిని జూచు కన్ను తెరువకయే స్థిరపడిపోవునని యాయన యాశయము. నలువదిమంది 'అయిందండీ' యన్నప్పుడు మన యువకుడు సంతోషించినది ఈ పైశ్రద్ధకే.

ఇచ్చట నా వృత్తికి సంబంధించిన యొక చిక్కును జెప్పవలెను. మార్గదర్శకునకు మనము రెండు పదవుల నిచ్చియున్నాము. అతడు శిక్షణార్థికి సహాయుడు, శిక్షణార్థికి దీర్పరియు. ఒకే మనుష్యుని వకీలుగాను న్యాయాధిపతిగాను గూర్చుండబెట్టిన న్యాయస్థానము నే నెక్కడను జూడలేదు. కక్షిదారుడు వకీలునకు దన బలహీనతల నన్నింటిని జెప్పుకొనును. న్యాయాధిపతియెదుట వానిని దాచుకొనును. రెండును నొక్కరేయైనచో దాచుకొనుటయే జయించును. 'అట్లేనండీ, మేడం' అన్న మాటకు నిజమైన యర్థము 'నాకు దెలియలేదని మీతో జెప్పుకొనుటకు నాకు భయముగా నున్నది' యని. ఆ మాటను వినయమని యామె మొదట సంతోషించెను, తరువాత మొండితనమని విసిగెను. అది రెండును గాదు. (న్యాయవాదులు ఉపాధ్యాయులకు బాఠములు చెప్పదగినంత యెత్తున నున్నారని నేను దలపను. క్రొత్త న్యాయవాదులకు ఏడాది శిక్షణ తప్పనిసరి చేయుచు బార్ కౌన్సిలువారు 1995 లో నిబంధనలు చేయగా, 1961 నాటి న్యాయవాదుల చట్టము వారికి అట్టి యధికార మీయలేదని సర్వోన్నత న్యాయస్థానము 1999 లో వానిని గొట్టివేసెను. మాలో బ్రవేశించినవాడు మరునాడే ప్రాణములమీది వ్యాజ్యమును జేపట్టవచ్చును.)

వీరేశలింగము పంతులుగారు తెనిగించిన కాళిదాసు నాటకములలో నొకటియైన మాళవికాగ్నిమిత్రము మొదటి యంకమున ఇద్దరు నాట్యాచార్యులు తమలో నెవ్వరు గొప్పయని వివాదపడుదురు. తీర్పరిగా గూర్చున్న పరివ్రాజిక, విద్య తనయందు నిలుపుకొనుట యొకటి, దానిని బరులకు నందించుట మరియొకటియని వేరుచేసి, రెండును గలవానినే యాచార్యులలో మొదట నిలుపవలెనని చెప్పును. మన యువకుని ఎం.ఎస్సి. పట్టము మొదటిదానికి సాక్ష్యము, రెండవదానికి గాదు. ఇంతవరకు అందరు నంగీకరింతురు. అయితే ఆ ఘట్టముననే మందబుద్ధియగు శిష్యుని స్వీకరించుట గురువు వివేకలోపమునే చాటునను భావము గూడ వచ్చును. ఈ మాట యీనాటి మార్గదర్శకున కన్వయింపదు. కాళిదాసునాటి యాచార్యుడు శిష్యుని దా నేరుకొనెను. మన యుపాధ్యాయినికి శిష్యుడు పట్టికలో వచ్చెను. ఏరుకొనని శిష్యునియెడల గురువునకు బాధ్యత తక్కువయని కొందరు వాదింతురు. నే నట్లు తలపను. ఏరుకొన్నవానియందు మనము మన ప్రతిబింబమును జూచి ప్రేమింతుము. అదృష్టవశమున వచ్చినవానిని అతనికొరకే చూడవలసియుండును. ఇది కష్టము, కాని యెక్కువ శుద్ధమైనది.

ఇక అసలు ప్రశ్న. పదునారవ వారమున కళాశాలవారి పత్రము వచ్చును. అందు ఛాత్రోపాధ్యాయుని బోధన తృప్తికరమా కాదా యని వ్రాసి సంతకము చేయవలెను. అప్పుడు పాఠశాలలో నాలుగుదిక్కులనుండియు దయ మాటాడ నారంభించును. 'పేదకుటుంబము. చెల్లెలు పెండ్లికి సిద్ధముగా నున్నది. తండ్రి యప్పు జేసి రుసుము గట్టినాడు. నీ చేతి సంతకమొక్కటితో వాని బ్రదుకు నిలుచును. ఉద్యోగములో జేరిన తరువాత దానే నేర్చుకొనును.' ఇట్లు చెప్పినవారు దుష్టులు గారు. వారిలో గొందరు నా మిత్రులు. స్కాట్లండులో కేథలీన్ డఫీ యను పరిశోధకురాలు నర్సుల శిక్షణను గూర్చి విచారించి 2003 లో బ్రకటించిన నివేదికలోను ఇదియే కథ. శిక్షణార్థి సామర్థ్యమందు సంశయము గలిగియు మార్గదర్శకులు వారిని దాటించి పంపుచుండిరి. కొందరు సంశయము మొదటనే కలిగినను చెప్పక జాగుచేసి, చెప్పుటకు సమయము మించిపోయినదని మానుకొనిరి. రోగి మంచముకడ నిట్టి దయ యేమి చేయునో యూహించుట సులభము. తరగతిలో అది చేయునది కంటికి గనబడదు గనుక మన మంత భయపడము.

తరువాతి పరీక్షలు వడపోయునను సమాధానమును నిలువదు. 2010 నుండి వచ్చిన ఉపాధ్యాయ అర్హత పరీక్ష వ్రాతపరీక్ష. నియామకమునకై జరుగు డి.యస్.సి. పరీక్షయు అట్టిదే. మన యువకుడు రెండింటను మంచి మార్కులు పొందును. అందు నాకు సందేహము లేదు. 'తప్పు, కూర్చో' యన్న మాట యే జవాబుపత్రములోను గనబడదు. దానిని విన్న మనుష్యురాలు లోకములో నామె యొక్కతెయే. ఆమె సాక్ష్యము దాచినచో దానిని మరల చెప్పగలవారు లేరు.

1908 వ సంవత్సరపు సివిల్ ప్రొసీజరు కోడు 32 వ ఆర్డరులో 7 వ రూలొకటి యున్నది. వ్యాజ్యములో మైనరు కక్షిగా నున్నప్పుడు, అతని సంరక్షకుడు న్యాయస్థానపు టనుమతి లేక యెదుటికక్షితో రాజీ చేసికొనరాదు. చేసికొన్నచో మైనరు దానిని రద్దుచేయించుకొనవచ్చును. ఈ రూలును జేసినవారు సంరక్షకులందరును దుర్మార్గులని తలచి చేయలేదు. పెద్దవా రిద్దరు మర్యాదగా గూర్చుండి మాటాడుకొన్నప్పుడు, ఆ గదిలో లేని బిడ్డ నష్టమును మరచిపోవుట మనుష్యస్వభావమని యెరిగి చేసిరి. మార్గదర్శకుడును ఛాత్రోపాధ్యాయుడును గలిసి చేసికొను 'తృప్తికరము' అను రాజీయు అట్టిదే. అందు మూడవకక్షి కలదు. ఇప్పటి నలువదిమంది మాత్రమే గాదు. ముప్పదియేండ్ల యుద్యోగములో నతని యెదుట గూర్చుండబోవు పిల్లలందరును ఆ కక్షిలోనివారే. వారి పక్షమున ననుమతి యిచ్చు న్యాయస్థానము లేదు. అయిదింట రెండని చెప్పి కూర్చున్న బాలిక, తనతో నేమియు జర్చింపకయే ఆ రాజీలో నేమి వదలుకొన్నదో యెరుగదు. తనకు లెక్కలు రావని మాత్రము ఇంటికి బోయి చెప్పును. దయ చూపదగినవా రిద్దరున్నప్పుడు, కంటియెదుట నుండి కన్నీరు పెట్టువానికే దయనంతయు నిచ్చివేయుట దయ గాదు, మొగమోటము.

ఇంతమాత్రమున, మొదటివారముననే 'ఇతడు పనికిరాడు' అని తీర్పు చెప్పు కఠినులకు నేను వకాల్తా పుచ్చుకొనుటలేదు. 'పిల్లలకొరకే' యను మాట విసుగునకు మిక్కిలి యందమైన ముసుగు. పిల్లల నష్టమును జూపి తన యోర్పులేమిని గప్పిపుచ్చుకొనువారిని నేను జూచియున్నాను. వారిని వేరుచేయుటకు నా కొక పరీక్ష తోచినది. రేపు పదిగంటలకు తరగతిలో నిలిచి అతడు చేయగలిగిన పని యొక్కటి నీ వతనికి జెప్పితివా? 'బాగుగా జెప్పుము' అన్నది పని గాదు. 'తప్పు అనకుము, ఎట్లు వచ్చిందమ్మా యని యడుగుము, అడిగి పదిలెక్క పెట్టువరకు మాటాడకుము' అన్నది పని. అట్టివి చెప్పి, చేయించి, చేయకపోవుట కన్నులార చూచినవానికే ప్రతికూలముగా వ్రాయు నధికారము గలదు. చెప్పనివాడు వ్రాసినది తీర్పు గాదు, కోపము.

ఆ యుపాధ్యాయిని విషయములో నేను మెచ్చుకొన్న దిదియే. అయిదవ వారమున నామె తన నోటుపుస్తకములోని యిరువదిమూడు లోపములను గొట్టివేసి యొక్కటి యుంచుకొనెను. ఒప్పైనను తప్పైనను, ప్రతి జవాబునకు దరువాత 'ఎట్లు వచ్చింది?' యని యడుగవలెను. మరి యే లోపమును ఆ వారమున లెక్కింపబడదు. ఏ సెక్షనులో దాను పాఠము చెప్పుచు, అతనిని గూర్చుండబెట్టి, తనను గాక యొక్క పిల్లవానినే గంటసేపు చూడుమనెను. తరువాతి గంటలో బి సెక్షనున అదే పాఠమును అతనిచేత జెప్పించెను. ఆ వారపు సంగతు లేవియు మదింపు పత్రములోనికి రావని ముందుగానే మాట యిచ్చెను. ఒకటి రెండు దినములలో నతడు మొదటిసారిగా 'మేడం, ఆ పిల్లవాడు చెప్పినది నాకే అర్థం కాలేదండీ' యనెను. నాలుగువారముల 'అట్లేనండీ'ల కంటె నీ యొక్క మాట విలువైనదని యామె చెప్పగా నాకును నట్లే తోచినది.

అద్భుత మేమియు జరుగలేదు. పదునారవ వారమునాటికి అతడు అడుగుట నేర్చెను. వినుట పూర్తిగా నేర్వలేదు. తొందర కలిగినప్పుడు పాతమాట నోటికి వచ్చుచునే యుండెను. ఆమె 'ఇంకను అభ్యాసము కావలెను, నాలుగువారములు పొడిగింపవలెను' అని వ్రాసి, ఏ దినమున నేమి చూచినదో తేదీలతో జేర్చి, పంపుటకు ముందు అతనికి జదివి వినిపించెను. అతడు రెండుదినము లామెతో మాటాడలేదు. కళాశాలవారు మా పాలకసంఘమునకు జాబు వ్రాసి, విద్యార్థి భవిష్యత్తును దయతో నాలోచించి పత్రమును సవరింపించుడని కోరిరి. ఆమె తన సంతకము మార్చనని చెప్పెను. సంఘములో రెండుగంటలు చర్చ జరిగెను. గట్టిగా మాటాడినవారిలో నేను నొకడను. తుదకు పత్రమును మార్పక పంపుటకును, ఆ నాలుగువారములు అతనికి మా పాఠశాలయందే చోటిచ్చుటకును, అంతవరకు ఆ యుపాధ్యాయినికి వారమునకు నాలుగు గంటల పని తగ్గించుటకును దీర్మానించితిమి. ఆ నాలుగు గంటల పాఠములు ఎవ్వరు చెప్పవలెనను విషయమై ప్రధానోపాధ్యాయులకును మాకును నింకను ఉత్తరప్రత్యుత్తరములు నడచుచున్నవి.